చెదల పుట్టలో చల్లని గదులు

ఎండలకు పేరుపడ్డ ఒక అడవిలో చీమల దండు చెదల పుట్టలో గదులు అద్దెకు తీసుకునేది. ఎన్ని అడిగితే అన్ని గదులు చెదలు అప్పటికప్పుడు కట్టిచ్చేవి. అద్దె గింజల్లోనే. ఆ ఏడు తిండి బాగా దొరికినా చీమల కొట్లు అడుగంటాయి.

"గింజలన్నీ అద్దెకే పోతున్నాయి. గదులన్నీ వదిలేసి రా" అని రాణి ముసలి చీమ సూరెమ్మను పంపింది.

సూరెమ్మ పుట్టలోకి దిగింది. నేల కింద వీధి వెనక వీధి, కనుచూపు మేరా గదులే. గదికొక చెదపురుగు తడిమట్టి మెత్తి గోడలు చల్లబరుస్తోంది. లోపల చూస్తే ఖాళీ.

"ఎవరి కోసం నాయనా ఈ చాకిరీ?"

"మీవాళ్లే అడిగారమ్మా. మా తాత తడిపాడు, ఇప్పుడు నేను తడుపుతున్నాను. చాలని ఎవరూ చెప్పలేదు."

"చాలు నాయనా" అంది సూరెమ్మ. చెదపురుగు మట్టి దించి వెళ్లిపోయింది.

అలా ఒక్కో గదీ వదిలిస్తూ వెళ్లి, ఒక గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల, ఎండకు భయపడి దాదులు దాచిన చీమ గుడ్లు, ముత్యాల్లా తెల్లగా మెరుస్తున్నాయి. తడి ఆరితే ఒక్కటీ మిగలదు.

"దీన్ని మాత్రం తడుపుతూనే ఉండు నాయనా" అని అక్కడి చెదపురుగుకు చెప్పి, మిగతా గదులన్నిట్లోకీ తొంగిచూస్తూ, ఖాళీవే వదిలిస్తూ నడిచింది.

తిరిగొచ్చాక రాణి అడిగింది: "అన్నీ వదిలేశావా?"

"లేదు తల్లీ, అన్నీ చూశాను."