బిగుతైన పెట్టె

“కాస్త పక్కకు జరగండి. పాలు మీ మీద ఒలుకుతాయి,” అంది భార్య.

ఆయన జరిగాడు. అలా జరగగలిగినందుకే ప్రాణం ఉసూరుమంది. శవపేటికలో పడుకున్న మనిషికి పక్కకు జరిగే వీలుండకూడదు. ఆయనకు అటు బెత్తెడు, ఇటు బెత్తెడు జాగా మిగిలింది.

ఆయన శవపేటికలు చేసే వడ్రంగి. రంపపు పొట్టు పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు చెడిపోయాయి. జబ్బు ఏళ్ల తరబడి పట్టుకుని ఉంది, చంపదు, వదలదు. ఆస్పత్రివాళ్లు మొదటిసారి పెదవి విరిచినప్పుడు, ఒంట్లో ఇంకా కండ ఉండగానే, తన కొలతలతో తనకే ఒక పెట్టె చేసుకున్నాడు. చేవగల చెక్క, అద్దంలాంటి నునుపు. డబ్బిచ్చి కొనేవాళ్లకు ఆయన ఎన్నడూ అంత శ్రద్ధగా చేసిన పాపాన పోలేదు. కుట్టుపని తెలిసిన భార్య లోపలంతా తెల్లగుడ్డ పరిచి చిన్న మేకులతో బిగించింది. అప్పటినుంచీ ఆదివారం చర్చి నుంచి రాగానే అందులో పడుకుని చూసుకోవడం ఆయనకు అలవాటు. ఆస్పత్రిలో బరువు తూచే యంత్రం ఎక్కినా అంకె వైపు చూడడు. వడ్రంగికి కొలత చెప్పాల్సింది చెక్క గానీ యంత్రమా అని ఆయన వాదన.

నవ్వొచ్చే సంగతేమిటంటే, చర్చివాళ్లు నిరీక్షణ అనే ఆశ గురించి ఆయన మాట్లాడినంతగా పాస్టరుగారు కూడా మాట్లాడి ఉండరు. పెట్టె కోసం ఏడుస్తూ వచ్చిన ప్రతివాళ్లకూ, ప్రభువు వచ్చిన రోజున మీవాళ్లు లేచి కూర్చుంటారు, ఏడవకండి అని ధైర్యం చెప్పేవాడు. ఆ మాట చెబుతూనే మూత ఎప్పటికీ ఊడకుండా మేకులు దిగ్గొట్టేవాడు. ఆ రెండింటికీ పొత్తు కుదరదని తనకు జబ్బు చేసేదాకా తట్టనే లేదు.

“రేపటినుంచి మాత్రలు వేసుకోను,” అన్నాడు పెట్టెలోంచే. “నిలువునా కరిగిపోతున్నాను. ఎన్నాళ్లని ఆశ పెట్టుకోను? దేవుడికి నేనొకణ్ణి ఉన్నట్టే గుర్తు లేదు.”

భార్య గ్లాసు చేతికిచ్చి పెట్టెలోకి తొంగిచూసింది.

“గుడ్డ మాసింది. ఉతికి మళ్లీ కొడతాను. అప్పటిదాకా మాత్రలు వేసుకోండి. మాసిన గుడ్డలో మిమ్మల్ని పంపితే నలుగురూ నన్నే అంటారు.”

న్యాయమైన మాటే అనిపించింది. చావడానికైనా శుభ్రంగా చావాలి కదా అని ఆ వారం మాత్రలు మింగాడు.

మరుసటి ఆదివారం పడుకుంటే జాగా తగ్గినట్టు తోచింది. నమ్మకం కుదరక లేచి మళ్లీ పడుకున్నాడు. తగ్గింది, సందేహం లేదు.

“నేను ఒళ్లు చేశానంటావా?” అని అడిగాడు.

“నేనూ అదే అనుకుంటున్నాను,” అంది ఆమె, బయట ఆరేసిన బట్టలు తీసుకురావడానికి వెళ్తూ.

ఆరోజు రెండోసారి వడ్డించమన్నాడు. తర్వాత మాత్రల సంగతి ఎత్తలేదు. ఆమెకు పెట్టెలో గుడ్డ ఎప్పుడు చూసినా మాసినట్టే కనిపించేది. ఉతికి కొట్టిన ప్రతిసారీ ఆయనకు పెట్టె ఇంకొంచెం బిగుతయ్యేది. ఆశ పుట్టింది. పొద్దున లేవాలనిపించింది. కూర్చుని చేసే పనులు చేశాడు, తర్వాత నిలబడి చిత్రిక పట్టాడు. దగ్గు దగ్గే, ఆయాసం ఆయాసమే, కానీ వాటి మధ్య పని సాగింది.

కష్టాలు లేకపోలేదు. ప్యాంటు నడుం మీద నిలవడం లేదు. ఈ రోజుల్లో గుడ్డలో నాణ్యత లేదని తిట్టుకుని తాడు కట్టుకున్నాడు. తల కింద దిండు అట్టముక్కలా అయిపోయి మెడ పట్టేస్తోంది. ఇంకో దిండు అడిగితే అదీ అంతే. పాతవి అణిగిపోవా అంది భార్య.

చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు. ప్రభువు తన ఎముకల మీద మళ్లీ కండ పెడుతున్నాడని, కావాలంటే తన పెట్టెను అడగమని అన్నాడు. జనం ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశారు. పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, మరోసారి చూసి, ఆమేన్ అన్నారు. భార్య ఆ పూట వంచిన తల ఎత్తలేదు. కృతజ్ఞత ఎక్కువై అలా ఉందనుకున్నాడు.

ఒక ఉదయం ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు. సాయంత్రానికే పెట్టె కావాలి. మనిషి ఎంత ఉండేవారని వడ్రంగి అడిగాడు.

“మీరు బాగున్న రోజుల్లో ఎంత ఉండేవారో అంత,” అంది ఆవిడ.

“ఇప్పుడూ అంతే ఉన్నానమ్మా,” అన్నాడు గర్వంగా.

ఆవిడ ఎగాదిగా చూసి, దుఃఖంలో ఉంది కాబట్టి ఊరుకుంది.

తన పెట్టె మీద చెయ్యి వేసి, ఇది తీసుకెళ్లమన్నాడు. తనకు దీంతో పని లేదని, రెండు భుజాలూ రాసుకుపోతున్నాయని చెప్పాడు. ఎప్పుడూ చెప్పే మాటే, మీవారు లేచి కూర్చుంటారని, ఆవిడకీ చెప్పాడు. ఈసారి ఆ మాటను మొదటిసారి తానూ నమ్మాడు.

అయితే తాను దొర్లిన గుడ్డను ఇంకొకరికి ఇవ్వడం మర్యాద కాదు. కొత్తది వేసి ఇద్దామని పటకారు అందుకున్నాడు. లోపలినుంచి భార్య పరుగున వచ్చింది.

“మీరుండండి. ఆ గుడ్డ నేను తీస్తాను.”

“నువ్వు కొట్టిన మేకులు పీకే బలం కూడా నాకు లేదనుకున్నావా?”

మేకులు ఒక్కొక్కటే పీకి, కొస పట్టుకుని గుడ్డను ఒక్క గుంజు గుంజాడు.

ఇంట్లోని దిండ్ల దూదంతా ఆయన పాదాల మీద పడింది.