రుద్దిన చోట

"చాలు నాన్నా, ఆపు! అద్దంలా మెరుస్తోందిగా."

వినకుండా శిరస్త్రాణాన్ని ఇంకాస్త రుద్దాను. సాయంత్రం నాటకంలో మా అమ్మాయి సేనాపతి. అచ్చులో వెండిరంగు లోహపు పొడి పూసి, గట్టిపడే రెసిన్ జిగురు పోసి, దీన్ని తయారుచేసింది మా ఆవిడ. మెరుగు పెట్టేలోపే తను చనిపోయింది.

స్టీలు పీచు కింద, నుదుటి దగ్గర మెరుపు లేచిపోయి పసుపుపచ్చని రెసిన్ బయటపడింది. లోహపు పూత కాగితమంత మందమే ఉంటుందని ఆమె చెప్పిన మాట మరిచిపోయాను.

"చెప్తే విన్నావా? అమ్మ చేసిందంతా అరగదీసేశావు!" అంటూ వంగి చూసిన పిల్ల ఆగిపోయింది. "నాన్నా, ఇందులో వెంట్రుక!"

గాజులో చిక్కినట్టు, రెసిన్ లోపల పొడవాటి వెంట్రుక ఒకటి.

"అమ్మదే," అంది మెల్లగా. "కూరలో ఇలాంటిది వస్తే ఇల్లు పీకి పందిరేసేవాడివి."

గోటితో తీయబోయాను. గట్టిపడిన రెసిన్ మీద గోరు జారిపోయింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ జారింది.

"అది రాదులే. రంగేసెయ్ నాన్నా, వేళవుతోంది."

కుంచెను వెండిరంగులో ముంచాను కానీ చెయ్యి కదల్లేదు.

పిల్లే నా మణికట్టు పట్టుకుని, వెంట్రుక ఉన్నంత మేర వదిలేసి, చుట్టూ రంగు వేయించింది.