గాజు చెప్పిన మందు

ఆ రోజుల్లో పీసీఓఎస్‌తో ఒళ్లు పెరిగిన ఆడపిల్లలకు డాక్టర్లు మాట్లాడే గాజు తొడిగేవారు. మనసుపడి చేసే కసరత్తుతోనే ఒళ్లు తగ్గుతుందని గాజు వాదన.

అలాంటి గాజే తొడుక్కున్న సాహితి పరుగెత్తింది, బరువులెత్తింది, యోగాలో గురక కూడా పెట్టింది. "నీకిది ఇష్టం లేదమ్మా" అంటూ గాజు ప్రతిసారీ ఎర్రబడింది.

కోడలి ఏడుపుమొహం చూడలేక, ఒకప్పటి కబడ్డీ కెప్టెన్ అయిన అత్త భూలక్ష్మి డాబామీద ముగ్గుపిండితో గీత గీసి, కొంగు బొడ్లో దోపింది.

"దమ్ముంటే నన్ను ముట్టుకొని పో పిల్లా!"

"కబడ్డీ కబడ్డీ" అంటూ సాహితి దూకింది. అత్త ఆమె కాలు పట్టి లాగింది. ఇద్దరూ కిందపడి దొర్లుతూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

గాజు పచ్చగా మెరిసి, మందు చెప్పింది: "రోజూ సాయంత్రం ఒక అత్త. టిఫినుకు ముందు."