సబ్బుపెట్టె స్విచ్చు

“గేటు దగ్గరే ఉన్నా బావా! నువ్వు ఎగరేసెయ్!”

ఫోన్లో బావమరిది అన్న ఆ మాట నమ్మి దర్జీ విమానాన్ని గాల్లోకి వదిలేశాడు.

అది రివ్వున లేచింది. బావమరిది మాత్రం రాలేదు.

రాడు కూడా. వాడు గేటు దగ్గరున్నానంటే ఇంట్లో అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడని అర్థం. ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు. ఆత్రంలో దర్జీ మరిచిపోయాడు.

ఆ రోజు కూతురి పుట్టినరోజు మరి. పిల్లేమో అతను నిలబడ్డ ఆస్పత్రి ఆవరణకి ఎదురుగా, రెండో అంతస్తులో, ఎముకల వార్డులో, కాలికి కట్టుతో పడుకుని ఉంది. “నాకోసం ఆకాశంలోంచి ఒక్క చుక్క కిటికీ దగ్గరికి రావాలి నాన్నా” అని అడిగింది. దర్జీ సరేనన్నాడు. షాపులో మిగిలిన గుడ్డముక్కలు, థర్మకోలు, ఓ పాత మోటారు కలిపి బుల్లి విమానం తయారుచేశాడు. రెక్కల నిండా చిట్టి లైట్లు కుట్టాడు.

చిక్కల్లా బ్యాటరీతోనే. మోటారుకీ, లైట్లకీ కలిపి ఉన్నది ఒక్కటే. లైట్లు మొదటి నుంచీ వెలిగితే విమానం కిటికీ చేరకుండానే చతికిలపడుతుంది. అందుకని సరిగ్గా కిటికీ ముందుకు వచ్చాకే కింద నుంచి లైట్లకి కరెంటు వదలాలి. పాత రిమోట్‌లో ఆ స్విచ్చు పాడైతే, వైర్లు బయటికి లాగి, సబ్బుపెట్టెలో కాలింగ్ బెల్ స్విచ్చు బిగించాడు. దాన్ని నొక్కే పని బావమరిదికి అప్పజెప్పాడు.

ఇప్పుడు దర్జీ రెండు బొటనవేళ్లూ రిమోట్ మీద. కళ్లు విమానం మీద. సబ్బుపెట్టె పక్కన స్టూలు మీద.

మునిమాపు వేళ. విమానం కిటికీ ముందు నుంచి నల్లగా వెళ్లిపోయింది. కిటికీలో ఓ చిన్న తల అటూ ఇటూ వెతికింది.

దర్జీ ప్రాణం ఉసూరుమంది.

అంతలో వెనకాల బెంచీ మీద ఎవరో దగ్గారు.

“ఎవరండీ అక్కడ? కాస్త ఇలా రండి!” తల తిప్పకుండానే కేకేశాడు.

“నేనా?” మగ గొంతు.

“మీరు కాకపోతే బెంచీని పిలుస్తానా! ఈ డబ్బాకి స్విచ్చుంది. నేను ‘ఊఁ’ అనగానే నొక్కాలి. అంతే.”

“బాబూ, నేను నడవ...”

“నడవడానికేముందండీ, నాలుగడుగులు! బ్యాటరీ ఇంకొక్క చుట్టుకే వస్తుంది. మా అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది. లేవండి, లేవండి!”

బెంచీ కిర్రుమంది. చెప్పులు ఈడుస్తున్న చప్పుడు. ఒక అడుగు. ఆగింది. మళ్లీ ఒక అడుగు.

దర్జీకి ఒళ్లు మండింది. అతని నోటికి వీధిలో ‘కత్తెర’ అని ఊరికే పేరు రాలేదు.

“పెళ్లికూతురి నడక ఇప్పుడెందుకండీ? తెల్లారేలోగా వస్తారా?”

వెనకాల నవ్వు వినబడింది. ఆయాసంలో కలిసిపోయిన నవ్వు.

“వస్తున్నా బాబూ... వస్తున్నా.”

విమానం మేడ మీది నీళ్ల ట్యాంకును చుట్టి మళ్లీ కిటికీ వైపు తిరిగింది. మోటారు గొంతు అప్పుడే బొంగురుపోతోంది.

ఓ బరువైన చెయ్యి దర్జీ భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

“మీద పడకండి సార్! డబ్బా, డబ్బా!”

“దొరికింది.”

“ఊఁ!”

టిక్.

రెక్కలు రెండూ ఒక్కసారిగా వెలిగాయి.

“నాన్నా! చుక్క! నా చుక్క!” కేక కింద దాకా వినబడింది. పక్క కిటికీల్లోకి కట్లు కట్టిన చేతులు, తలలు వచ్చాయి. ఒకటే చప్పట్లు. ఒక చెయ్యే ఖాళీగా ఉన్నాయన కిటికీ రెక్కను దబదబా బాదాడు.

దర్జీకి సంతోషంతో ఏడుపొచ్చింది. పక్కనున్న మనిషి చిన్నపిల్లాడిలా ఈల వేస్తున్నాడు.

“ఆపండి సార్, పడిపోతుంది!”

టిక్. లైట్లు ఆరాయి. మిగిలిన కాస్త కరెంటుతో విమానం అల్లంత దూరాన పొదల మీద వాలింది.

దర్జీ పరుగున వెళ్లి దాన్ని వెతికి తెచ్చేసరికి స్టూలు మీద సబ్బుపెట్టె ఉంది. మనిషి లేడు.

‘రావడానికి అంతసేపు చేసినాయన, వెళ్లడానికి ఎంత తొందరపడ్డాడో!’ అని నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున వార్డుకి వెళ్తే, కూతురి పక్క గదిలో నర్సు ఖాళీ మంచం మీద దుప్పటి మారుస్తోంది.

“నిన్న విమానం ఎగరేసింది మీరేగా?”

దర్జీ గతుక్కుమన్నాడు. “తప్పయిపోయిందమ్మా. పిల్ల పుట్టినరోజని...”

“ఈ గదిలో ఆయన మీకోసం చూసి చూసి, ఇందాకే ఇంటికి వెళ్లిపోయారు. మీకు దణ్ణం పెట్టానని చెప్పమన్నారు.”

“నాకా? దేనికి?”

“నిన్న స్విచ్చు నొక్కింది ఆయనే.”

“అయ్యో! దణ్ణం నేను పెట్టాలి. పైగా నానా మాటలూ అన్నాను.”

“ఆ మాటలే చెప్పుకుని నవ్వారు. ‘అందరూ నన్ను జాలిగా చూసేవాళ్లే. ఆయన అసలు నా వైపు చూడనే లేదు’ అన్నారు.”

“జాలి ఎందుకమ్మా?”

నర్సు మంచం పక్కనున్న చక్రాల కుర్చీని మడిచి గోడకి ఆనించింది.

“ఎముకలు ఎప్పుడో అతుక్కున్నా భయంతో నేల మీద కాలు పెట్టనని భీష్మించుకున్నారు. వాళ్లావిడ కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. నిన్న ఆవిడ ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి మందులకి వెళ్లింది. తిరిగొచ్చి, ఆయన స్టూలు దగ్గర నిలబడి ఉండటం చూసి, కెవ్వున కేకేసి, ఈ కుర్చీలో పైకి తోసుకొచ్చేసింది. లారీ గుద్దిన తర్వాత ఆయన వేసిన మొదటి అడుగులు, మీ స్టూలు దాకా వేసినవేనండీ!”