ఫ్రిజ్‌లో డాల్ఫిన్

యామిని పరిశోధన గట్టెక్కింది. ఆ మాట నోటితో చెప్పడానికే బెంగళూరులో బస్సెక్కి, సరిగ్గా అన్నం వేళకు పత్తికొండలో దిగింది.

పోయిన నెల ఇదే పిల్ల కాకినాడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ కొవ్వు ముక్కను డబ్బాలో పెట్టుకుని, బెంగళూరు ల్యాబుకు పోతూ దారిలో ఇంటికొచ్చింది. ఆ రాత్రికి డబ్బాను అమ్మ గురమ్మ ఫ్రిజ్‌లో పెట్టింది. పాలగిన్నె పక్కన శవమేందని తండ్రి ఓబులేసు వీధంతా వినబడేలా గోల చేశాడు. తన డాక్టరేటు ఆ ముక్క మీదే ఉందనీ, ఎవరూ తాకొద్దనీ యామిని చేతులు జోడించింది.

ఇప్పుడు అన్నానికి కూర్చుంటూనే యామిని ఆ ముక్క సంగతి చెప్పింది. "ల్యాబోళ్ళే నోరెళ్ళబెట్టినారు నాయనా. పొలాల్లో కొట్టే మందులన్నీ ఆ కొవ్వులో ఉండాయంట. చెన్నై సదస్సులో నన్నే మాట్లాడమన్నారు."

ఓబులేసుకు ఒళ్ళు మండింది. టమాటాకు మందు కొట్టడంలో ఆయనది ఉదారమైన చెయ్యి. డబ్బా మీద రాసినంతే కొడితే పురుగు నవ్వుతుందని రెండింతలు కలుపుతాడు.

"ఈడ మేం కొడితే యాడనో సముద్రంలో చేపకు తగిలిందా?"

"చేప కాదు నాయనా. పిల్లకు పాలిచ్చే జంతువు."

"యా డెయిరీకి పోస్తాది?"

యామిని ఓపిగ్గా విడమరిచింది. నీళ్ళలో కలిసిన మందు చిన్న చేపలోకి, దాన్ని తిన్న పెద్ద చేపలోకి, చివరికి డాల్ఫిన్ కొవ్వులోకి చేరుతుంది. చేరింది అంత తొందరగా బయటికి పోదు. తిన్నకొద్దీ పేరుకుంటుంది.

"అందుకే మన ఇంటి తిండే తినాలనేది," అన్నాడు ఓబులేసు, కూర గిన్నె కేసి చూస్తూ. కూతురు వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఒక పొట్టేలు తెగుతుంది. "మన చేలో మేసి, మన బావి నీళ్ళు తాగి పెరిగిన పొట్టేలు. ఏమే, కొవ్వు ముక్కలు చూసి వెయ్యి."

గురమ్మ గరిటె కదల్లేదు. పొద్దుటి నుంచి సంబరంగా తిరుగుతున్న మనిషి, ల్యాబు మాట విన్నాక వెలవెలబోయింది.

"వాళ్ళు సరిగ్గా చూసినారా పాపా?"

"నమ్మలేక మళ్ళీ మళ్ళీ చూసినారమ్మా."

"అంత మందుండే కొవ్వు తింటే మనిషికి ఏమయితాది?"

యామిని పకపకా నవ్వింది. "డాల్ఫిన్‌ను ఎవరు తింటారమ్మా?"

ఓబులేసు కూడా నవ్వి, ప్లేటు ముందుకు జరిపాడు.

చెబితే కూతురి డాక్టరేటు పోతుంది, చెప్పకపోతే మొగుడు పోతాడు. గురమ్మ కూర గిన్నెను తన వైపు లాక్కుంది.

పోయిన నెల ఆ రాత్రి కరెంటు పోయి కంపు కొట్టిన డాల్ఫిన్ ముక్కను వీధికుక్కలకు పారేసి, బిడ్డ ఏడుస్తుందన్న భయంతో డబ్బాలో ఆమె సర్దిపెట్టింది ఇంట్లో కోసిన పొట్టేలు కొవ్వు.