బొట్టు చెరిగిన ఫోను

"నా అప్లికేషన్లో ఎవరో సైకాలజీ తీసేసి ఎడ్యుకేషన్ పెట్టినారు. గడువు కూడా అయిపోయింది!" లాప్‌టాప్ ముందు కూర్చున్న చౌడేశ్వరి అరిచింది. ఏళ్లుగా కోరుకున్న పీహెచ్‌డీ చేజారిపోయింది.

"పీడ పోయింది," మగ్గం పక్క నుంచి తండ్రి నారాయణప్ప వెక్కిరించాడు. "ఎవురికి కావాలమ్మా పిచ్చోళ్ల చదువు?"

"నువ్వే మార్పించినావు నాయనా!"

"పోనీలే, పెద్దాయన తెలీక చేసుంటాడు," అన్నాడు ఆమె భర్త మెత్తగా. హిందూపురంలో అతను నడిపే బి.ఎడ్. కాలేజీకి ఎడ్యుకేషన్‌లో డాక్టరేట్ చేసినవాళ్లు అవసరం. అయినా ఇన్నాళ్లూ "నీ ఇష్టం" అనే అన్నాడు.

ఆప్షన్ మార్చాలంటే తన ఫోనుకొచ్చే ఓటీపీ కావాలి. ఆ ఫోను ఆయుధపూజకని పొద్దున్నుంచీ ఇంటి దేవత చౌడమ్మ పటం ముందు, నూలు కండెల పక్కనే ఉంది. చౌడేశ్వరి వెళ్లి చూసింది. ఫోనుకు పెట్టిన కుంకుమ బొట్టు చెరిగిపోయి ఉంది.

"దీన్ని ముట్టినావా నాయనా?"

నారాయణప్ప చెంపలేసుకున్నాడు. "పూజలో పెట్టిందాన్ని సాయంత్రం హారతి కాకుండా ముడతానా? నాకేమన్నా పిచ్చా?"

భర్త ఫక్కున నవ్వాడు. "ఫోనుకు కూడా పూజలా! ఏం మనుషులో!"

ఇంతసేపూ తను తప్పు మనిషిని తిట్టింది. చౌడేశ్వరి భర్త చేతివైపు చూసింది. అతను ఎర్రబడిన బొటనవేలిని గబుక్కున జేబులో దాచుకున్నాడు.

"దొంగ దొరికినాడు నాయనా," అంది. పెళ్లయ్యాక ఏనాడూ నోట పలకని పేరును వీధంతా వినబడేలా పలికింది.

"వేణుగోపాల్!"