కొలిచి కుట్టిన పరుపు

పరుపుల షాపు నుంచి బ్యాంకు డబ్బు వెనక్కి లాగి ఆమె ఖాతాలో వేసిన వారానికి ఆ షాపు యజమాని ఆమెకు ఫోన్ చేశాడు. ఓడినవాడి మర్యాద ఆయన గొంతులో వినిపిస్తోంది.

"డబ్బు మీకొచ్చేసింది కదమ్మా. మరి పరుపు సంగతేం చేద్దాం?"

ఏ పరుపు అంది ఆమె. తను పరుపే కొనలేదని, ఎవరో తన కార్డు వాడేశారని కదా బ్యాంకుకి ఫిర్యాదు చేసింది.

"ఎవరో కాదమ్మా, మీ ఆయనే. షాపులో కెమెరా ఉంది. వచ్చి చూసుకోండి."

ఆమె కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్షించే మనిషి. ఊరందరి చూపూ సరిచేసి పంపిస్తుంది. ఆ పూట ఎదుట కూర్చున్న పెద్దాయన అక్షరాలు చదువుతుంటే ఆమె చెవికి ఒక్కటీ ఎక్కలేదు.

కూరలకీ పెట్రోలుకీ ఉంటుందని అతనికి తన కార్డొకటి ఇచ్చి ఉంచింది. ఇద్దరి కార్డులూ ఒకే బ్యాంకువి, ఒకే రంగు. తొందరలో ఏది తీసి గీకాడో చూసుకోలేదన్నమాట. డబ్బు పోయిందని ఆమె చెప్పినప్పుడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. కార్డు తన జేబులోనే ఉందని, నంబరు ఎవడో కొట్టేసి ఉంటాడని, పోనీలే, బ్యాంకుతో గొడవెందుకని అన్నాడు. ఆమె వినలేదు. పంతం పట్టి గెలిచింది.

సాయంత్రం షాపుకి వెళ్ళింది. యజమాని కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ఆ తర్వాతే కెమెరాలో పడింది చూపించాడు. అతను స్పష్టంగా ఉన్నాడు. పక్కన ఒక ఆడమనిషి. వీపు మాత్రమే కనిపిస్తోంది.

"కొలత పరుపు మేం ఊరికే కుట్టమమ్మా. పడుకునేవాళ్ళిద్దరూ వచ్చి, ఇక్కడ పడుకుని చూసి, సరేనంటేనే కత్తెర పెడతాం."

"ఇద్దరూనా?"

"ఇద్దరూనే. ఆవిడకి నడుం నొప్పిట. ఆయనే నడుం కింద చెయ్యి పెట్టి చూసి, ఇంకాస్త గట్టిది కావాలన్నారు."

ఆమె తెర మీద నుంచి చూపు తిప్పుకోలేదు. తనది రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. నీ నడుం ఎలా ఉందని అతను ఏనాడూ అడిగింది లేదు. ఇన్నాళ్ళలో ఒక దిండు గలీబు కొన్న పాపాన పోలేదు. వారంలో నాలుగు రాత్రులు క్యాంపు అంటాడు. ఆ క్యాంపేదో ఇప్పుడు తెలిసింది, దానికి పరుపు కూడా కుట్టించాడు. ఎవరది? తనకంటే చిన్నదా? అందగత్తా? వీపు చూసి ఏం చెప్పగలం? జడ మాత్రం పొడుగ్గా ఉంది. ఆ జడను చూసినా కుళ్ళే వచ్చింది.

కుళ్ళుతో పాటు భయమూ ఉంది. అతని మూలంగానే పుట్టింటివాళ్ళు ఆమెతో మాటలు మానేశారు. అతనూ పోతే ఆమెకు ఇక ఎవరూ లేరు.

వాడిన పరుపు మళ్ళీ అమ్ముడుపోదని, డబ్బు కట్టేస్తే ఎవరికీ ఏ గొడవా ఉండదని యజమాని నచ్చజెప్పాడు. ఇంటిగుట్టు లంకకు చేటు, బయట పెట్టుకోవద్దని కూతురికి చెప్పినట్టు చెప్పాడు.

"డబ్బు కట్టను. పరుపు వెనక్కి తెచ్చుకోండి. బండిలో నేనూ వస్తాను."

"మీరెందుకమ్మా?"

"దాని మొహం చూడాలి. ఆయన్ని వదుల్తావా లేదా అని అడగాలి."

బండి ముందు సీట్లో డ్రైవరుకీ యజమానికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. న్యాయం మీవైపే ఉందమ్మా, గట్టిగా అడగండి అని దారంతా ఆయన ధైర్యం చెబుతూనే ఉన్నాడు. ఆమె మాటలు కూడబలుక్కుంటోంది. ఇంకొకరి మనిషిని పక్కలో పెట్టుకోవడానికి సిగ్గులేదా అని మొదలుపెట్టాలనుకుంది.

ఇల్లు మూడో అంతస్తులో. యజమాని పక్కకు జరిగి ఆమెనే బెల్లు కొట్టమన్నాడు. కొట్టింది. లోపలినుంచి అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే మొదటి మాట మరోసారి మననం చేసుకుంది.

తలుపు తీసి ఎదుట నిలబడింది, ఎప్పుడో విడిపోయామని చెప్పి అతను ఒకసారి ఫోటోలో చూపించిన అతని భార్య.